ఎఫ్ఈవీ1 గీత: ఆయాసం ఉన్నవాళ్ల రిపోర్టులన్నీ ఒక్క గ్రాఫు కాగితం మీదికి ఎలా తెచ్చుకోవాలి

ఏళ్ల తరబడి దగ్గు, ఆయాసం ఉన్న మనిషి ఇంట్లో ఉంటే, ఆ ఇంట్లో ఒక కవరు కూడా ఉంటుంది. చీరల షాపు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు, అందులో ఎక్స్‌రేలు, మందుల చీటీలు, రక్తపరీక్షలు, వాటి మధ్య ఎక్కడో నలిగిపోయి రెండు మూడు స్పైరోమెట్రీ (మెషీన్లోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) రిపోర్టులు. డాక్టరు గారు కొత్త రిపోర్టు చూసి "పోయినసారి ఎంత వచ్చింది?" అని అడుగుతారు, మనం కవరంతా బల్ల మీద కుమ్మరించి వెతుకుతాం, బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉంటారు, కంగారులో అది చేతికి దొరకదు. మా నాన్నగారి విషయంలో నాలుగేళ్లు ఇదే జరిగింది. ఆయన మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులో పనిచేశారు, ఊక దుమ్ము ఒక పక్క, రోజుకో కట్ట బీడీలు ఒక పక్క. సీఓపీడీ అన్నారు, అంటే గాలి గొట్టాలు ఇరుకైపోయి ఏళ్ల తరబడి ఆయాసం పెట్టే జబ్బు. ఇప్పుడు ఆ కవరు ఇంట్లోనే ఉంటుంది, మేము ఎఫ్ఈవీ1, అంటే గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో వచ్చే గాలి, ఏటేటా ఎంతుందో గీత గీసిన ఒక్క కాగితం పట్టుకెళ్తాం. అది ఎలా తయారు చేసుకోవాలో, దాన్ని ఎలా చదవాలో, ఎక్కడ పొరపాటు పడతామో చెప్తాను.

ముందు ఒక మాట. ఒక్క రిపోర్టు మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో చెప్తుంది, ఎంత వేగంగా కిందకి దిగుతున్నాడో చెప్పదు. ఈ జబ్బులో మనకు నిజంగా కావాల్సింది రెండోది.

ఈ ఆలోచన చార్లెస్ ఫ్లెచర్ అనే లండన్ డాక్టరుది. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో, పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో వైద్యం అందుకున్న మొదటి రోగి అయిన పోలీసాయనకు ఆ ఇంజెక్షన్ ఇచ్చిన కుర్ర డాక్టరు ఈయనే. ఆ తర్వాత 1945లో కార్డిఫ్ దగ్గర బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తుల మీద పెట్టిన పరిశోధన కేంద్రానికి మొదటి డైరెక్టరు అయ్యారు, అక్కడి నుంచి లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రికి వచ్చారు. 1952 డిసెంబరులో లండన్‌ని పొగమంచు కమ్మేసి వేలమంది చనిపోయిన రోజుల తర్వాత, ఈ దగ్గు ఆయాసాల జబ్బు అసలు ఎలా ముదురుతుంది అన్నది అక్కడ పెద్ద ప్రశ్న అయింది. అప్పట్లో బ్రిటన్ డాక్టర్లలో ఎక్కువమంది నమ్మింది ఇది: పొగ వల్ల కళ్ళె ఎక్కువ ఊరుతుంది, కళ్ళె వల్ల మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తుంది, ఇన్ఫెక్షన్ వల్ల గాలి గొట్టాలు పాడై ఆయాసం మొదలవుతుంది. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి, మన ఇళ్లలో ఇప్పటికీ అందరూ అనుకునేది అదే. ఫ్లెచర్ కూడా ఆ వైపే ఉన్నారు.

ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, నమ్మి ఊరుకోకుండా కొలిచారు. పశ్చిమ లండన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న 30 నుంచి 59 ఏళ్ల మగవాళ్లను తీసుకుని, 1961 నుంచి ఎనిమిదేళ్ల పాటు, ఆరు నెలలకోసారి అదే మనుషుల చేత మళ్లీ మళ్లీ ఊదించారు. అలా 792 మంది లెక్కలు చేతికొచ్చాయి. రిచర్డ్ పీటో అనే గణాంకవేత్తతో కలిసి వాటిని విడదీశారు, 1976లో పుస్తకంగా, 1977లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసంగా వచ్చింది. తేలింది ఏమిటంటే, తాము నమ్మింది నిలబడలేదు. పొగతాగే లెక్క పక్కన పెట్టి చూస్తే, కళ్ళె ఎక్కువ పడేవాళ్లకు ఊపిరి వేగంగా తగ్గడం లేదు, కళ్ళె లేనివాళ్లు తప్పించుకోవడమూ లేదు. కళ్ళె ఒక జబ్బు, గొట్టాలు ఇరుకైపోవడం ఇంకొక జబ్బు, రెండింటికీ మూలం పొగే. ఎనిమిదేళ్లు కష్టపడి, సొంత నమ్మకాన్ని సొంత లెక్కలే కొట్టేస్తే దాన్ని ఉన్నదున్నట్టు రాశారు. ఆయన మీద నాకు గౌరవం అక్కడే పెరిగింది. (తర్వాత వచ్చిన అధ్యయనాలు కళ్ళె, జబ్బు ఉన్నట్టుండి ముదిరే తీవ్రమైన ఎటాకులు కూడా కొంత దెబ్బ తీస్తాయని చూపించాయి, కాబట్టి ఇన్ఫెక్షన్‌ని తేలిగ్గా తీసుకోమని కాదు.)

మనకు పనికొచ్చే సంగతి ఇందులోనే ఉంది. "దగ్గు తగ్గింది, కళ్ళె పడటం లేదు, ఇక పర్లేదు" అని బీడీ కొనసాగించే మనిషి లోపల గీత కిందకి జారుతూనే ఉండొచ్చు. ఊపిరితిత్తుల్లో నిల్వ చాలా ఎక్కువ కాబట్టి చాలాకాలం ఏమీ తెలియదు, తెలిసేసరికి సగం పోయి ఉంటుంది. కళ్ళె చూసి లెక్క కట్టొద్దు, ఊదించి లెక్క కట్టాలి.

ఇక పని మొదలుపెడదాం. కాగితం సంగతి తర్వాత, ముందు పరీక్ష సరిగ్గా జరగాలి, ఎందుకంటే చుక్క తప్పయితే గీత ఎంత అందంగా గీసినా దండగ. నాన్నగారి మొదటి పరీక్ష ఒక ల్యాబులో చేయించాం. ఎత్తు నోటితో అడిగి రాసుకున్నారు, ఒక్కసారి ఊదించారు, ఆయన రెండు సెకన్లు ఊది దగ్గొచ్చి ఆపేశారు, అంతే, ప్రింటు తీసి ఇచ్చేశారు. రిపోర్టులో "రెస్ట్రిక్షన్" అని వచ్చింది, అంటే ఊపిరితిత్తులు కుంచించుకుపోయాయన్నట్టు. ఇంట్లో అందరం వారం రోజులు టెన్షన్‌తో చచ్చిపోయాం. ఇంకోచోట సరిగ్గా చేయిస్తే అది రెస్ట్రిక్షన్ కాదు, అబ్‌స్ట్రక్షన్, గొట్టాలు ఇరుకవడం. ఎందుకు తేడా వచ్చిందంటే, పూర్తిగా ఊదకుండా మధ్యలో ఆపేస్తే మొత్తం గాలి లెక్క దొంగగా తక్కువ చూపిస్తుంది, ఆ తక్కువ లెక్క అసలు జబ్బుని కప్పేస్తుంది.

అందుకని పరీక్ష రోజు మీరు పక్కనే ఉండండి. చెప్పులు విప్పించి ఎత్తు కొలవమనండి. నడుం దగ్గర పంచె గానీ చీర కుచ్చిళ్లు గానీ బిగుతుగా ఉంటే వదులు చేయించండి. కడుపునిండా భోజనం చేసి వెంటనే వెళ్లొద్దు, పరీక్షకు గంట ముందు నుంచైనా బీడీ, చుట్ట ముట్టుకోకూడదు. కట్టుడు పళ్లు గట్టిగా కూర్చుని ఉంటే ఉంచేయొచ్చు, వదులుగా ఉంటే తీయాలి. ఇన్‌హేలర్ ఆ పూట ఆపాలా వద్దా అన్నది అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే డాక్టరుని అడగండి, ఒక్కో మందుకి ఒక్కో లెక్క ఉంటుంది, మీ అంతట మీరు ఆపేయొద్దు. ఈమధ్యే గుండెపోటు వచ్చినా, కంటి ఆపరేషన్ గానీ పొట్ట, ఛాతీ ఆపరేషన్ గానీ అయినా, దగ్గితే రక్తం పడుతున్నా, టీబీ ఉందేమో అన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి, అప్పుడు పరీక్ష వాయిదా వేస్తారు.

ఊదడం గురించి పెద్దవాళ్లకు ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి. ముక్కుకి క్లిప్పు పెడతారు, వెన్ను నిటారుగా కూర్చోవాలి, గాలి ఇక పట్టదు అన్నంతవరకు పీల్చి, పొయ్యి గొట్టంతో ఆరిపోతున్న నిప్పుని ఒక్క ఊపున రాజేసినట్టు ఫట్టున వదలాలి, వదిలాక ఆపకూడదు, ఆరు సెకన్లు, ఇంకా వస్తుంటే ఇంకా, లోపల ఏమీ మిగల్లేదు అనిపించేదాకా. మా అమ్మకి పొయ్యి గొట్టం అని చెప్పగానే అర్థమైపోయింది, టెక్నీషియన్ పది నిమిషాలు చెప్పినా అర్థం కాలేదు. ఇలా కనీసం మూడు మంచి ఊదుళ్లు రావాలి, అందులో అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన రెండింటికీ తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. తర్వాత గాలి గొట్టాలు తెరిచే మందు సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు పీల్పించి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తారు. ఈ రెండో విడత చేయకుండా పంపిస్తుంటే అడగండి, మొహమాటపడొద్దు, మన కాగితం మీదికి వెళ్లే అంకె ఆ మందు తర్వాతదే.

రిపోర్టు చేతికొచ్చాక అందులో ముప్పై అంకెలుంటాయి. మూడు చాలు. ఎఫ్‌వీసీ అంటే ఒక ఊపిరిలో మొత్తం బయటికొచ్చిన గాలి. ఎఫ్ఈవీ1 అంటే అందులో మొదటి ఒక్క సెకనులో వచ్చింది. మూడోది ఎఫ్ఈవీ1ని ఎఫ్‌వీసీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. మందు పీల్చాక కూడా ఆ నిష్పత్తి 0.70 కన్నా తక్కువ ఉంటే గాలి గొట్టాలు ఇరుకయ్యాయని లెక్క, దాన్ని లక్షణాలతో, పొగ చరిత్రతో కలిపి చూసి డాక్టరు సీఓపీడీ అని తేలుస్తారు. ఎంత ముదిరింది అన్నది, ఆ వయసు, ఎత్తు మనిషికి ఉండాల్సినదాంట్లో ఎంత ఉందనే ఎఫ్ఈవీ1 శాతాన్ని బట్టి: 80 పైన తేలిక, 50 నుంచి 79 మధ్యస్థం, 30 నుంచి 49 తీవ్రం, 30 కన్నా తక్కువైతే చాలా తీవ్రం. మందు పీల్చాక అంకె బాగా పెరిగితే ఉబ్బసం కూడా ఉందేమో అని ఆలోచిస్తారు, ఆ సంగతి వాళ్లకే వదిలేయండి.

ఇప్పుడు కాగితం. పిల్లల గ్రాఫు పుస్తకంలోది ఒకటి చింపండి. అడ్డంగా వయసు, ఒక సెంటీమీటరుకు ఒక ఏడాది. నిలువుగా ఎఫ్ఈవీ1, సున్నా నుంచి నాలుగు లీటర్లు, ఒక సెంటీమీటరుకు 200 మిల్లీలీటర్లు. పాత రిపోర్టులన్నీ తీసి, మందు తర్వాతి ఎఫ్ఈవీ1 ఎన్ని లీటర్లో చూసి, ఆ వయసు దగ్గర ఒక్కో చుక్క పెట్టండి. ఏదైనా రిపోర్టులో మందు ముందుది మాత్రమే ఉంటే చుక్క బదులు చిన్న సున్నా చుట్టండి, రెండూ కలపొద్దు. శాతం పెట్టొద్దు, లీటర్లే పెట్టండి. ఎందుకంటే శాతం అనేది "ఈ వయసుకి, ఈ ఎత్తుకి ఇంత ఉండాలి" అనే ఒక పట్టికతో పోల్చి వేసేది, ఒక్కో మెషీన్‌లో ఒక్కో పట్టిక ఉంటుంది, ల్యాబు మారితే ఊపిరి మారకుండానే శాతం మారిపోతుంది. లీటరు మాత్రం ఎక్కడైనా లీటరే.

చుక్కల కింద పెన్సిల్‌తో రెండు ముక్కలు రాయండి: ఆ నెలలో బీడీలు ఎన్ని, ఆ ఏడాది ఆసుపత్రిలో చేరారా. ఇది చేయకపోతే తర్వాత గీత చూసి ఏమీ అర్థం కాదు.

తర్వాత పోల్చుకోడానికి రెండు గీతలు కావాలి. మొదటి చుక్క నుంచి పది సెంటీమీటర్లు కుడికి వెళ్లి, ఒకటిన్నర సెంటీమీటర్లు కిందకు దిగి అక్కడికి ఒక చుక్కల గీత గీయండి. అది ఏడాదికి 30 మిల్లీలీటర్ల చొప్పున తగ్గడం, వయసుతో పాటు దాదాపు అందరికీ వచ్చే తగ్గుదల. అదే మొదటి చుక్క నుంచి పది కుడికి, మూడు కిందకు ఇంకో గీత. అది ఏడాదికి 60, పొగ మానని మనిషి జారే దారి. ఈ అంకెలు గాల్లోంచి తీసినవి కావు. అమెరికా, కెనడాల్లో 5,887 మంది పొగరాయుళ్ల మీద లంగ్ హెల్త్ స్టడీ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది, పదకొండేళ్లు చూశాక, మానేసి మళ్లీ ముట్టుకోని మగవాళ్లకు ఏడాదికి దాదాపు 30, ఆడవాళ్లకు 22 మిల్లీలీటర్లు తగ్గితే, కొనసాగించిన మగవాళ్లకు 66, ఆడవాళ్లకు 54 తగ్గింది. ఫ్లెచర్ 1977లో చెప్పినదానికి ఇది గట్టి సాక్ష్యం. అమ్మల కాగితం అయితే మొదటి గీత ఇంకొంచెం పైన, పదేళ్లకు 220 మిల్లీలీటర్లు తగ్గేలా గీసుకోండి.

ఇప్పుడు చుక్కలు ఏ గీత వెంట పోతున్నాయో చూడండి, కానీ తొందరపడొద్దు. ఇక్కడే అందరం తప్పు చేస్తాం. ఒకేరోజు, ఒకే మెషీన్ మీద, ఒకే మనిషి ఊదితేనే 150 మిల్లీలీటర్ల తేడాని మామూలు అంటున్నాం, మరి ఏడాదికి తగ్గేదేమో 30 నుంచి 60! అంటే ఏడాది తగ్గుదల కన్నా కొలతలో తడబాటే పెద్దది. అందుకని ఈ ఏడాది 100 తగ్గింది అని ఏడవాల్సిన పని లేదు, 80 పెరిగింది అని మిఠాయిలు పంచాల్సిన పనీ లేదు. రెండు చుక్కల్ని కలిపి గీత గీయొద్దు. నాలుగైదు చుక్కలు పడ్డాక, స్కేలు పెట్టి వాటి మధ్యగా పోయే గీత చూడండి. ఫ్లెచర్ ఆరు నెలలకోసారి ఎనిమిదేళ్లు కొలిచింది ఊరికే కాదు. ఒక్క ఏడాదిలోనే 15 శాతం పైగా పడిపోతే మాత్రం అది తడబాటు అనుకోకుండా డాక్టరుకి చూపించండి.

గీత ఏం చెప్తుందో నాన్నగారికి నేను ఇలా లెక్క వేసి చూపించాను. 55 ఏళ్లకి రెండు లీటర్లు ఉన్నాయనుకోండి. బీడీ సాగిస్తే ఏడాదికి 60 చొప్పున పదిహేనేళ్లకు 900 పోయి, 70 ఏళ్లకు 1.1 లీటర్లు మిగులుతాయి. ఈరోజే మానేస్తే 30 చొప్పున 450 పోయి 1.55 ఉంటాయి. ఒక లీటరు దగ్గరికి వచ్చాక చాలామందికి స్నానం చేసి తువ్వాలు చుట్టుకోవడానికే ఆయాసం వస్తుంది. ఒకటిన్నర మీద ఉన్న మనిషి మెల్లగానైనా సందు చివరి దాకా నడిచి పాలప్యాకెట్ తెచ్చుకుంటాడు. పోయింది తిరిగి రాదు, ఫ్లెచర్ ఆ మాట దాచలేదు. జారే వేగం మాత్రం మానేసిన తర్వాత మామూలు మనిషి వేగానికి వస్తుంది. "ఇన్నేళ్లు తాగాను, ఇప్పుడు మానేస్తే ఏం ఒరుగుతుంది" అన్నదానికి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు, ఆ 450 మిల్లీలీటర్లే ఒరిగేది. నాన్నగారు ఆ కాగితం చూశాక కూడా రెండుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టారు, మూడోసారి నిలిచింది. ఒంటరిగా కుదరకపోతే జాతీయ పొగాకు క్విట్‌లైన్ ఉంది, 1800-11-2356, ఫోనుకి డబ్బు పడదు. నికొటిన్ గమ్ములు, మందులు కూడా డాక్టరుని అడగొచ్చు.

"మా తాత తొంభై ఏళ్లు చుట్ట తాగాడు, ఏం కాలేదు" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఊపిరి విషయంలో అది నిజమే అయ్యుండొచ్చు. పొగతాగేవాళ్లలో చాలామందికి గీత అంత వేగంగా జారదని, కొందరికి మాత్రమే నిటారుగా పడుతుందని ఫ్లెచరే చూపించారు. ఆ కొందరిలో మీ నాన్న ఉన్నాడా లేదా అన్నది ముఖం చూసి ఎవరూ చెప్పలేరు, చుక్కలే చెప్పాలి. క్యాన్సరు, గుండెపోటు లెక్కలు వేరే, అవి ఈ కాగితం మీదికి రావు.

ఇక ఆడవాళ్ల సంగతి, దీని గురించి నాకు బాధ ఎక్కువ. ఆ 792 మందీ ఉద్యోగాలు చేసే మగవాళ్లు. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఒక్కరూ అందులో లేరు. పుణె డాక్టరు సందీప్ సాల్వి, లండన్‌లోని పీటర్ బార్న్స్ కలిసి 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన వ్యాసం ఈ లోటు మీదే: సిగరెట్ ముట్టని వాళ్లకూ సీఓపీడీ వస్తుంది, పొయ్యి పొగ, దుమ్ము పనులు, పాత టీబీ, చిన్నప్పటి ఊపిరితిత్తుల జబ్బులు దానికి కారణాలు అని. 2015లో డెన్మార్క్ డాక్టరు పీటర్ లాంగే బృందం ఇంకో మెలిక చూపించింది. సీఓపీడీ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి గీత వేగంగా జారలేదు, అసలు వయసులో ఉన్నప్పుడే ఊపిరి తక్కువగా ఉంది, కింది మెట్టు నుంచి మామూలు వేగంతో దిగినా అడుక్కి చేరారు. కాబట్టి అమ్మ కాగితంలో గీత వాలు మామూలుగానే ఉండి, చుక్కలన్నీ కిందెక్కడో ఉంటే కంగారుపడొద్దు, అది కూడా ఒక రకం.

డాక్టరు "సిగరెట్ తాగుతారా?" అని అడిగితే మన అమ్మలు "అయ్యో లేదండీ" అంటారు, అక్కడితో ప్రశ్న అయిపోతుంది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ వేసే, అంటే చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని తాగే అవ్వలు కూడా లేదనే అంటారు, ఎందుకంటే అది సిగరెట్ కాదు కదా. కాబట్టి కాగితం వెనక మీరే రాసి పెట్టండి: కట్టెలు, పిడకలు, పొట్టు పొయ్యి ఎన్నేళ్లు, రోజుకి ఎన్ని గంటలు. ఏడాది గుర్తు రాకపోతే గ్యాస్ ఎప్పుడొచ్చిందో అడగండి, మన దగ్గర చాలా ఇళ్లలో 1999లో దీపం పథకం మొదలయ్యాకే సిలిండర్ వచ్చింది. గ్యాస్ వచ్చాక కూడా నీళ్లు కాచుకోడానికి కట్టెలే వాడారా అన్నది తప్పకుండా అడగాలి. చిన్నప్పుడు టీబీ, న్యుమోనియా వచ్చిందా. మిల్లు, సున్నపు బట్టీ, క్వారీ, పత్తి జిన్నింగు పని చేశారా. పడగ్గదిలో దోమల కాయిల్ రాత్రంతా వెలుగుతుందా. ఒక కాయిల్ వదిలే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు వదిలేదానికి సమానమని 2003లో కొలిచి రాశారు. మా ఇంట్లో కాయిల్ తీసేసి దోమతెర కట్టాం.

కాగితం చేయలేని పనులు కూడా చెప్పాలి. పెదాలు, గోళ్లు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, మనిషి మత్తుగా పడి ఉన్నా గ్రాఫు చూసుకుంటూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గీత బాగుందని ఇన్‌హేలర్లు ఆపొద్దు. ఇన్‌హేలర్ అలవాటవుతుంది, మాత్రలే మంచివి అనే మాట తప్పు, పీల్చే మందు నేరుగా గొట్టాల్లోకి వెళ్తుంది, అందుకే కొంచెం మోతాదు సరిపోతుంది. పీల్చే పద్ధతి ప్రతిసారీ డాక్టరు ముందు చేసి చూపించమనండి. ఏటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా సంగతి అడగండి. రోజూ నడిపించండి, అంకె పెరగకపోయినా కాళ్లలో బలం పెరిగి ఆయాసం తగ్గుతుంది, నాన్నగారి చుక్క అక్కడే ఉన్నా ఇప్పుడు మేడ ఎక్కుతున్నారు.

పరీక్షకి ఏటా ఒకే నెల, వీలైతే ఒకే ల్యాబు, ఒకే పూట పెట్టుకోండి. చలికాలంలో వద్దు, జలుబు, ఎటాకులు ఎక్కువ. దగ్గు ముదిరి యాంటీబయాటిక్ వాడి ఉంటే ఆరు వారాలైనా ఆగి ఊదించండి, లేకపోతే ఆ ఒక్క చుక్క గీత మొత్తాన్ని కిందకి లాగేస్తుంది. మేము ఉగాది వెళ్లిన వారం పెట్టుకున్నాం, అప్పటికి చలి పోతుంది, వడగాలులు ఇంకా మొదలవవు, పైగా తేదీ ఎవరూ మర్చిపోరు. కాగితాన్ని ఫోటో తీసి ఇంట్లో ముగ్గురి ఫోన్లలో ఉంచాం, అసలుది ఫైలు మొదటి పేజీలో పెట్టాం, డాక్టరు గదిలోకి వెళ్లగానే మాటలకన్నా ముందు అదే ఆయన చేతికిస్తాం.